మూడు చదరపు అడుగులు

మా ఆఫీసు గుడ్డ టేపుకి పదకొండేళ్ళు.
సముద్రపు గాలి తాగి, వానల్లో నాని,
ఊరందరి గుమ్మాల మొలలకీ తగులుకుని
నూరడుగుల మీద అడుగూ మూడంగుళాలు సాగిందని
ఎవరికీ తెలీదు. పట్టుకు తిరిగే నాకూ తెలీదు.

సాగిన టేపు దయగలది.
ఇరవై అడుగుల గోడని
ఇరవైకి మూడంగుళాలు తక్కువంటుంది.
కొరుక్కుపేటలో నేను కొలిచిన ప్రతి ఇల్లూ
కాగితం మీద కాస్త ఒదిగి కూర్చుంది,
బస్సులో పక్కమనిషికి చోటిచ్చినట్టు.

కందప్ప వీధి మొదట్లో మందుల షాపు, నగల తాకట్టు కొట్టు.
చివర్లో మురుగుకాలవ,
మూడు రోజులకోసారి నీళ్ళ లారీ.
వీధి ఒకటైతే రేటూ ఒకటే అంటుంది పుస్తకం.
పుస్తకానికి ముక్కు లేదు.

ఆ చివరింటి మునిరత్నం
అచ్చాఫీసులో ముప్పై ఏళ్ళు సీసపు అక్షరాలు పేర్చినవాడు.
తెలుగులో అర్జీ రాశాడు, గుండ్రంగా, కొట్టివేత లేకుండా.
పై అధికారికి నేనే అరవంలో చదివి వినిపించాను:
"అయ్యా, నా అరుగుని కూడా గదుల లెక్కలో వేశారు.
దాని మీద పూలమ్మే కన్నియమ్మ కూర్చుంటుంది,
పోస్టుమాను కూర్చుంటాడు, మధ్యాహ్నం ఒక కుక్క పడుకుంటుంది.
నేను కూర్చోడానికి ఎప్పుడూ ఖాళీ ఉండదు.
వాళ్ళందరి పన్నూ నేనెందుకు కట్టాలి?"

అధికారి నవ్వాడు. అరుగు పన్నెండడుగులూ కొట్టేయమన్నాడు.
అర్జీ పెట్టిన ఇంటిని మాత్రం
మళ్ళీ కొలవాలి. అది పద్ధతి.
అప్పటికి కొత్త మిషను వచ్చింది.
గోడ మీద ఎర్ర చుక్క, చేతిలో అంకె.
ఐదువందల ఎనభై అయిదున్న ఇల్లు
ఆరువందలని తేలింది.
అందులో పన్నెండు తీస్తే ఐదువందల ఎనభై ఎనిమిది.

గెలిచాడు.
గెలిచి, మూడడుగులు ఎక్కువ కట్టాలి.

"ఒక్క ఇటుకైనా పెట్టలేదు కదమ్మా."
అని, లోపలికెళ్ళి ఇత్తడి స్కేలు తెచ్చాడు,
అచ్చాఫీసు మూసేసినప్పుడు జీతానికి బదులు దొరికినది.
నా పాత టేపు పరిచి పక్కన పెట్టాడు.
పన్నెండంగుళాల దగ్గర
జొన్నగింజంత తేడా.
కళ్ళతో కాదు, బొటనవేలితో చూశాడు.

చాలాసేపు మాట్లాడలేదు.
"అందరికీ సాగిన టేపు
నాకొక్కడికే బిగిసిందేమమ్మా?"

చెప్పడానికి నా దగ్గర చట్టం ఉంది.
మీ ఇంటి కొలత ఇప్పుడే నిజమైంది, అనొచ్చు.
ఎదురింటి వరదమ్మది తప్పు, ఆ పక్కింటిది తప్పు,
మీదొక్కటే ఒప్పు.
కానీ వరసలో నిలబెట్టి చూస్తే
వంకరగా కనబడుతున్నది ఆ ఒప్పే.

ఇంకో అర్జీ పెట్టొచ్చు, అన్నాను మెల్లగా.
అప్పుడు వీధంతా కొలవాల్సి వస్తుంది, కొత్త మిషనుతో.

ఆ రోజు లారీ రోజు.
వీధి పొడుగునా బిందెలు, ప్లాస్టిక్ కుండలు,
మనుషుల కంటే ముందే వచ్చి వరస కట్టినవి.
వాటి వైపు చూశాడు.
స్కేలు తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తేడా ఎంత?"
"ఆరునెలలకి రెండు టీలు."
"రసీదు రాయండి.
కానీ ఆ మూడడుగులూ ఎక్కడున్నాయో చూపించి వెళ్ళండి.
ఓ కుర్చీ వేసుకుంటాను."

వెటకారమే. అయినా నేను వెతికాను,
గది మూలలు, బీరువా వెనక, మెట్ల కింద.
బయటికొచ్చేసరికి రైల్వే గేటు పడి ఉంది,
గూడ్సు బండి, ఎన్ని పెట్టెలో.
కన్నియమ్మ పూలబుట్ట పక్కకి లాగి
అరుగు మీద నాకు చోటిచ్చింది.